రెండో సాక్షి

కర్నూలులో కళ్ళ డాక్టరు ముందు కూర్చుని ఉన్నాను. నలభై దాటినవాళ్ళందరికీ వచ్చే తంటానే నాకూ వచ్చింది. పేపరు చదవాలంటే చెయ్యి పొడుగు చాలడం లేదు. అద్దాల నంబరు తేల్చాక డాక్టరమ్మ, మా నాయనకు షుగరుందని తెలుసుకొని, సొరుగులోంచి ఒక అట్టముక్క తీసి నా ముందు పట్టింది. తెల్ల అట్ట మీద నల్లటి గళ్ళు. నడిమధ్య ఒక చుక్క.

"ఒక కన్ను మూసుకొని ఆ చుక్కనే చూడండి. చుట్టూ ఉన్న గీతలు ఎక్కడైనా వంగినట్టు గానీ, గుంట పడినట్టు గానీ కనిపిస్తున్నాయా?"

గీతలన్నీ తిన్నగానే ఉన్నాయి. ఆ ముక్క చెప్పకుండా అట్టను పట్టుకొని ఇంకా దగ్గరికి లాక్కున్నాను. డాక్టరమ్మ నేను భయపడుతున్నాననుకుంది.

"ఇందులో తప్పూ ఒప్పూ లేదమ్మా. మీకు ఏం కనపడితే అది చెప్పండి, అంతే."

అచ్చం ఇదే మాట ఏడేళ్ళ కింద కడపలో, ఒక కాలేజీ ఫిజిక్సు లాబులో, ఇంకొకామె నాకు చెప్పింది. ఒకసారి కాదు, వారం వారం చెప్పింది. నేను చెవిన పెట్టలేదు. ఆమె పోయి రెండేళ్ళవుతుంది. పోయిన రోజు రాని ఏడుపు ఆ అట్టముక్క ముందు వచ్చింది. డాక్టరమ్మ పాపం గాజు గ్లాసుతో నీళ్ళిచ్చింది.

ఆమెను మేమంతా మేడమ్ అనేవాళ్ళం. కాలేజీలో మేడమ్‌లకు కొదవలేదు గానీ, కెమిస్ట్రీ మేడమ్ అనో బాటనీ మేడమ్ అనో తోక తగిలించకుండా ఉత్త మేడమ్ అంటే ఆమే. పొట్టి మనిషి. నూలు చీరలు, చేతికి మగవాళ్ళ గడియారం. పెన్సిలును కొప్పులో గుచ్చుకొని, దానికోసం బల్లలన్నీ వెతికేది. ఏ అమ్మాయీ చెప్పేది కాదు. చివరికి తల తడుముకొని, "మీ తెలివి తెల్లారా, ఒగరన్నా చెప్పగూడదా" అని తనే నవ్వేది. నేను అక్కడ గెస్టు లెక్చరరుగా చేరిన మొదటి వారమే ఆమె నన్ను తన లాబులోకి లాక్కుంది. నన్ను పేరుతో పిలిచినట్టు గుర్తులేదు. పాపా అనేది.

ఆమెకు షుగరుండేది. కటకాలు పెట్టే చెక్కపెట్టెలో, దూది పొరల కింద, చెనిక్కాయల ఉండలు దాచుకునేది. బెల్లం కారుతుండే పల్లీ ఉండలు. నేను పట్టుకుంటే దొంగతనం బయటపడ్డ పిల్లలా ముఖం పెట్టి, "ఒగటే పాపా. ఒగటికి ఏమైతాది?" అనేది. నేనూ ఒకటి తీసుకుని నోట్లో వేసుకునేదాన్ని.

ఇంకొకటి. ఆమెకు ఉన్నది ఒక కన్నే. చిన్నప్పుడు బద్వేలు దగ్గర వాళ్ళ ఊర్లో తుమ్మముల్లు గీరుకొని ఎడమ కన్ను మసకబారింది. చూడ్డానికి బాగానే ఉండేది, చూసేది మాత్రం ఏమీ లేదు. అందుకని దేన్నైనా శ్రద్ధగా చూడాలంటే ఎడమ కన్ను గట్టిగా మూసుకునేది. ముప్పయ్యేళ్ళు ఆ లాబులో స్పెక్ట్రోమీటరు గొట్టానికి కుడికన్ను ఆనించి, పట్టకంలోంచి వచ్చే రంగుల గీతలను చూసిన మనిషి. కూరగాయల బండి దగ్గర టమాటాలను కూడా అట్లాగే ఒంటికన్నుతో చూసేది. ఫస్టియరు పిల్లలు ఆమె వెనక కన్ను మూసి వెక్కిరించేవాళ్ళు. ఆమెకు తెలుసు. "ఈ కన్ను ఉన్నా అడ్డమే, దాన్ని నమ్మితే రెండోదాన్నీ చెడగొడ్తాది" అనేది.

వాళ్ళది మూడు తరాలుగా చర్చికి పోయే ఇల్లు. వాళ్ళ నాయన రెండెకరాల మెట్టచేను దున్నుకుంటూ సంఘంలో పెద్దగా ఉండేవాడు. ఊర్లో ఎవరిమీదైనా సంఘానికి ఫిర్యాదు వస్తే ఆయన ఇద్దరు సాక్షులను పిలిపించేవాడట. ఒకరిని చర్చి లోపల కూర్చోబెట్టి, రెండోవాణ్ణి పాస్టరుగారి ఇంటి పెరట్లో కూర్చోబెట్టేవాడు. ఒకరి మాట ఒకరికి వినపడకూడదు. ఇద్దరూ విడివిడిగా ఒకటే చెబితే విచారణ ముందుకు పోయేది. ఒకడే చూశాడంటే అంతటితో ఆపేసి, ఆ సంగతి మళ్ళీ ఎవరూ ఎత్తకూడదనేవాడు. "తెలీదు అని చెప్పినోన్ని మా నాయన ఎప్పుడూ కసురుకోలా. లేనిది చెప్పినోన్ని మాత్రం ఆరు నెలలు బల్ల దగ్గరికి రానిచ్చేటోడు కాదు" అని మేడమ్ చెప్పేది. బల్ల అంటే వాళ్ళ చర్చిలో రొట్టె, ద్రాక్షరసం తీసుకునే బల్ల.

నాది ఆత్మకూరు పక్క. పొలాలూ, గొడవలూ, ఎలక్షన్లూ సమంగా పండే ఇల్లు. మా ఇంట్లో సాక్షి అంటే మన సాక్షి అనే అర్థం. కోర్టు వాయిదా ముందు రోజు సాక్షులందరినీ మా వసారాలో ఒక పంక్తిలో కూర్చోబెట్టి, కోడికూర వడ్డించి, మాటలు వల్లె వేయించేవాళ్ళు. సాక్షి ఉద్యోగమంటే కోడికూర తినడమేనని చాలాకాలం అనుకున్నాను. ఇది చెబితే మేడమ్ పొట్ట పట్టుకొని నవ్వింది. నవ్వు ఆగాక, "నువ్వు మాత్రం ఈడ అట్ల చేయగాకు పాపా" అంది.

ఈడ అంటే క్వేజార్ల దగ్గర.

ఆ పని గురించి రెండు ముక్కలు చెప్పాలి. ఎక్కడో దేశాల అవతల ఒక పెద్ద టెలిస్కోపు ఆకాశాన్ని ముక్కలు ముక్కలుగా చూస్తుంటుంది. ఫోటోలో నక్షత్రమూ చుక్కే, దానికంటే కోట్ల రెట్లు దూరంలో, ఏదో గెలాక్సీ నడిబొడ్డున మండుతుండే క్వేజారూ చుక్కే. చూపుకు రెంటికీ తేడా లేదు. వచ్చిన వెలుగును విడదీసి, ఏ రంగు ఎంత ఉందో గ్రాఫు గీస్తే అప్పుడు బయటపడుతుంది. గ్రాఫులో కొన్నిచోట్ల కొండల్లా లేచి ఉంటాయి. వాటినే గీతలంటారు, ఒకటి కార్బన్‌ది, ఒకటి హైడ్రోజన్‌ది, అట్లా. చుక్క ఎంత దూరముంటే గీతలన్నీ అంత ఎర్ర వైపుకు జరుగుతాయి. జరగడం వల్ల ఒంటరి గీతను చూసి అది ఎవరిదో చెప్పలేం. రెండు గీతలు దొరికితే, వాటి మధ్య ఉండే నిష్పత్తి మారదు కాబట్టి, అప్పుడు గట్టిగా చెప్పొచ్చు. "ఒక గీతను నమ్మి ఊరి పేరు చెప్పగాకు. రెండు కావల్ల" అనేది మేడమ్. ఈ మాట ఆమె క్లాసులో ఎన్నిసార్లు అన్నదో లెక్కలేదు.

చాలావరకు కంప్యూటరే తేల్చేస్తుంది. దానికి కూడా అంతుచిక్కనివి మిగులుతాయి. వాటిని మనుషులు కళ్ళతో చూసి చెప్పాలి. ఆ టెలిస్కోపు వాళ్ళు ఓపికున్న టీచర్లకు కొన్ని పంపిస్తారని తెలిసి మేడమ్ పేరు రాయించుకుంది. వారానికొక కట్ట వచ్చేది. ఒక్కోదాన్ని రెండు కాగితాల మీద ప్రింటు తీసి, ఒకటి తను ఉంచుకొని, రెండోది నాకిచ్చేది. లాబుకు ఆ చివర ఆమె బల్ల, ఈ చివర నా బల్ల. వీపులు ఎదురెదురుగా. ప్రతి కాగితం కింద మూడు గడులు: ఉంది, లేదు, తెలియదు. శుక్రవారం సాయంత్రం దాకా ఒకరివి ఒకరు చూడకూడదు. శుక్రవారం రెండూ పక్కన పెట్టి కలిసినవాటి మీద సంతకం చేసి పంపేది. కలవనివి తెలియదు గడిలో పోయేవి. నీళ్ళు అడగొచ్చు, మాట అడగకూడదు. వాళ్ళ నాయన చర్చిలో పెట్టిన నియమమే ఇక్కడా.

"నీకు ఏం కనపడితే అది రాయి పాపా. దీంట్ల తప్పూ ఒప్పూ లేదు."

కొన్ని క్వేజార్లకు కార్బన్ కొండ పక్కన, ఎడమవైపు, ఒక గుంట ఉంటుంది. క్వేజారు నుంచి మన వైపుకు విసురుగా వచ్చే వాయువు ఆ వెలుగును మింగేయడం వల్ల పడే గుంట అది. ఏ రెండు నెలలకో ఒకటి కనపడేది. మేడమ్‌కు అవంటే ప్రాణం. పొగ పట్టినవి అనేది వాటిని. పొగ దొరికిన రోజు చెక్కపెట్టె తెరుచుకునేది.

ఆ ఏడు శివరాత్రి దాటాక పొగ ఎక్కువైంది.

మొదటి వారం ఆమె ఐదు కాగితాల మీద గుంటలు గుర్తుపెట్టింది. పెన్సిలుతో గుంటకు ఈ అంచున ఒక చుక్క, ఆ అంచున ఒక చుక్క పెట్టేది. ఆ ఐదింటిలో నాకు ఒక్కటీ కనపడలేదు. అన్నిటికీ లేదు అని రాశాను. శుక్రవారం రెండూ పక్కన పెట్టినప్పుడు మేడమ్ ఆ ఐదు కాగితాలనూ పడమటి కిటికీ దగ్గరికి తీసుకుపోయి, ఎడమ కన్ను మూసుకొని, ఒక్కోదాన్ని వెలుతురుకు పట్టి చాలాసేపు చూసింది. కాగితాన్ని కొంచెం జరిపి మళ్ళీ చూసింది. "తెలీదులే" అని అన్నీ ఆ గడిలో వేసింది. వెళ్ళేటప్పుడు కొప్పులో పెన్సిలు ఉన్న సంగతి మరిచి నన్ను అడిగింది. నేను తీసి చేతిలో పెట్టాను. ఆ రోజు ఎందుకో ఎవరికీ నవ్వు రాలేదు.

నాకు ఆ వారమంతా మనసు బాగాలేదు. ముప్పయ్యేళ్ళు గీతలు చూసిన మనిషిని, నిన్నగాక మొన్న వచ్చిన నేను కాదన్నానే అని. తర్వాతి గురువారం ఆమె సెకండియరు క్లాసుకు పోయినప్పుడు నేను ఆమె బల్ల సొరుగు తెరిచాను. తాళం ఉండేది కాదు. ఆమె ఎక్కడ ఉంది అని రాసిందో చూసి, నా కాగితాల మీద అక్కడే ఉంది అని రాసుకున్నాను.

ఇది నేను ఎవరికీ చెప్పుకోలేని సంగతి, ఇక్కడ రాస్తున్నాను. అప్పుడు నాకది తప్పుగా తోచలేదు. మన మనిషి పక్కన నిలబడుతున్నాననే అనుకున్నాను. మా వసారాలో పంక్తిలో కూర్చున్నవాళ్ళూ అదే అనుకొని ఉంటారు.

శుక్రవారం అన్నీ కలిశాయి. మేడమ్ ఒక్కో జత చూస్తూ పోతుంటే ఆమె భుజాలు కిందికి దిగడం కనపడింది. అప్పటిదాకా బిగబట్టుకొని ఉందని అప్పుడే తెలిసింది.

"చూసినావా పాపా, ఉండాది! నీకూ కనపడినాది గదా!"

"కనపడింది మేడమ్."

చెక్కపెట్టె తీసింది. తను ఒక ఉండ తిని, నాకొకటి ఇచ్చింది. గుంటలు కనపడినందుకు ఇంత సంతోషమా అని ఆశ్చర్యపోయాను.

ఆ తర్వాత వారం వారం గుంటలు పెరిగాయి. ఏడు, పది, పదమూడు. ఎండలు ముదిరాయి. కరెంటు పోయినప్పుడల్లా ఫ్యాన్లు ఆగిపోయి లాబు రాతిగోడలు పొయ్యిలా సెగ కక్కేవి. మేడమ్ ఆ వేడిలో, పొగ పట్టినవి ఇన్ని ఒకేచోట దొరకడం మామూలు సంగతి కాదని టెలిస్కోపు వాళ్ళకు ఒక ఉత్తరం రాయడం మొదలుపెట్టింది. జూన్‌లో ఆమె రిటైరుమెంటు. ఆ ఉత్తరం పంపించి పోవాలని పట్టుదల.

ఒక పొద్దున మా అటెండరు నన్ను వరండాలో ఆపాడు. మేడమ్ కంటే రెండేళ్ళు చిన్నవాడు, ఆమెతోపాటే కాలేజీలో చేరినవాడు.

"అమ్మా, ఒక మాట. మేడమ్‌కు టీ గ్లాసు ఎదురుగా పెడ్తే తడుముతాండాది. పక్కకు పెడ్తే టక్కన తీసుకుంటాది. నిన్న స్టూలు కొట్టుకొని మోకాలు వాచినాది. నేను చెప్తే బాగుండదు, మీరు చెప్పండమ్మా."

"చెప్తాలేప్పా" అన్నాను.

అదే వారం లాబు ప్రింటరు చెడిపోయింది. ఆఫీసులో ఉండే పెద్ద మిషను మీద తీయిస్తే కాగితాలు రెట్టింపు సైజులో వచ్చాయి. గ్రాఫులు కూడా రెట్టింపు. గురువారం సొరుగు తెరిచి చూస్తుంటే ఆమె పెట్టిన పెన్సిలు చుక్కల మధ్య దూరం నాకు ఎందుకో చిన్నగా అనిపించింది. స్కేలు తెచ్చి కొలిచాను. పాత వారాల చిన్న కాగితాలు తీసి వాటినీ కొలిచాను. చిన్న కాగితమైనా, పెద్ద కాగితమైనా, ఏ క్వేజారైనా, గుంట ఒకటే వెడల్పు. నా చిటికెన వేలంత.

ఆకాశంలో ఉన్న గుంట అయితే గ్రాఫు రెట్టింపైనప్పుడు అదీ రెట్టింపవ్వాలి. కాగితం మారినా గుంట మారలేదంటే అది ఆకాశంలోనూ లేదు, కాగితం మీదా లేదు. చూసే చోట ఉంది. కొండ మీద చూపు నిలిపిన ప్రతిసారీ ఆ ఒక్క కంట్లో, చూపుకు కొంచెం పక్కగా, ఏదో ఒకటి గీతను కిందికి లాగుతోంది. ఫ్యాను తిరగని ఆ ఎండలో మళ్ళీ మొదటినుంచీ కొలిచాను, అంతే వచ్చింది.

అంటే నాకు రెండు గీతలూ దొరికాయి. టీ గ్లాసు ఒకటి, స్కేలు ఒకటి. ఆమె నేర్పిన లెక్క ప్రకారం ఇంక అనుమానానికి చోటు లేదు. కట్టను సొరుగులో యథాప్రకారం పెట్టి, నా కాగితాల మీద ఉంది, ఉంది, ఉంది అని రాసుకున్నాను.

ఎందుకని అడిగితే ఏం చెప్పను. చెబితే సొరుగు సంగతి చెప్పాలి. ఆమె ముఖం మాడిపోవడం చూడాలి. ఉత్తరం పూర్తి కానీ అనుకున్నాను, పరీక్షలు అయిపోనీ అనుకున్నాను, రిటైరుమెంటు సభ అయ్యాక మెల్లగా కర్నూలుకు తీసుకుపోయి చూపిద్దాం అనుకున్నాను. ఇట్లా ఇంకో మూడు శుక్రవారాలు గడిపాను. ప్రతి శుక్రవారం ఆమె నా చేతిలో ఉండ పెట్టింది. ప్రతిసారీ తిన్నాను.

నాలుగో వారం, మధ్యాహ్నం మూడు గంటలు. పడమటి కిటికీ బార్లా తెరిచి ఉంది. దూరంగా కొండలు తెల్లగా మండుతున్నాయి. ఎండ నేరుగా ఆమె బల్ల మీద పడుతోంది. ఆ చివరి నుంచి ఆమె గొంతు వినపడింది.

"కిటికీ మూసినావా పాపా?"

"లేదు మేడమ్."

"మొయిలు పట్టినాదా?"

"లేదు మేడమ్. ఎండ కాస్తాంది."

పెన్సిలును బల్ల మీద పెట్టిన చప్పుడు వినపడింది. దొర్లిపోకుండా వేలితో ఆపి పెట్టినట్టుంది.

"అయితే నా కంట్లోనే."

నేనూ అటెండరూ ఆటోలో కడప పెద్దాసుపత్రికి తీసుకుపోయాం. దారిలో ఆమె నా మణికట్టు పట్టుకొని కూర్చుంది. షుగరు వల్ల కంటి వెనక పొరలో చాలా రోజులుగా నీరు ఊరుతూ ఉందనీ, ఇప్పుడు రక్తం చిమ్మిందనీ డాక్టరు చెప్పాడు. నీరు ఊరుతున్నప్పుడే వచ్చి ఉంటే ఇంజక్షన్లతో నిలబెట్టేవాళ్ళమన్నాడు. "తిన్నని గీతలు వంగినట్టు కనిపించలేదా మీకు?" అని అడిగాడు. "కనపడినాయి" అంది మేడమ్. నేను పక్కనే నిలబడి నేల చూస్తున్నాను. తర్వాత పెద్ద ఊర్లో ఆపరేషను కూడా చేయించారు. చూపు రాలేదు. రిటైరుమెంటు సభలో ఆమెకు శాలువా కప్పి, ఫోటో తీసేటప్పుడు ఎవరో ఆమె ముఖాన్ని కెమెరా వైపు తిప్పారు.

ఆగస్టులో వాళ్ళ ఊరికి వెళ్ళాను. చెల్లెలి ఇంట్లో ఉంటోంది. వాన జాడ లేదు. బద్వేలు నుంచి దారి పొడుగునా చెనిక్కాయ చేలు ఎండి ముడుచుకుపోయి ఉన్నాయి. వసారాలో ప్లాస్టిక్ కుర్చీలో, వెలుతురు వైపుకు ముఖం పెట్టి కూర్చుని ఉంది. కొప్పులో పెన్సిలు. నా అడుగు చప్పుడుకే, "రా పాపా" అంది.

చెల్లెలు మజ్జిగ ఇచ్చి లోపలికి పోయింది. మేడమ్ కాలేజీ సంగతులు అడిగింది, అటెండరు కూతురు పెండ్లి అడిగింది. అవన్నీ అయ్యాక, ఏదో పాత ముచ్చట చెప్పినట్టే చెప్పింది.

"నాకు ముందే అనుమానం వచ్చినాది. నువ్వు ఐదింటికీ లేదు అని రాస్తివే, ఆ వారం. ఇంటికి పోయి తలుపు అంచును చూస్తి. రవ్వంత వంగినట్టు అనిపించినాది. మల్లా పాత తలుపు, నిజంగానే వంగిందేమో. కన్నే చెడిందా అని శానా భయమైనాది పాపా. కర్నూలుకు పోదామని బ్యాగు గూడ సర్దుకుంటి. మల్లా అనుకుంటి, ఒగ గీతతో ఎట్ల చెప్పేది, ఇంగొక వారం చూద్దాం, పాప ఏం రాస్తాదో చూసి పోదాం అని." నవ్వింది. "ఆ వారం నువ్వు అన్నీ ఉండాయని రాస్తివి. బ్యాగు ఇప్పేస్తి."

మజ్జిగ గ్లాసు నా చేతిలో ఉంది. ఆమె భుజాలు దిగిన ఆ శుక్రవారం, ఆ సంతోషం, ఆ ఉండ, అన్నీ అప్పుడు అర్థమయ్యాయి. ఆమె వారం వారం చూసింది క్వేజార్లను కాదు. నన్ను అడ్డం పెట్టుకొని తన కన్నును చూసుకుంది. నేను అబద్ధం చెప్పిన అద్దాన్ని.

చెప్పకపోతే ఆమెకు ఎప్పటికీ తెలియదు. చెల్లెలు లోపల గిన్నెలు సర్దుకుంటోంది. లేచి పోవచ్చు. నా ముఖం కూడా ఆమెకు కనపడదు. ఆ ఆలోచన వచ్చినందుకే నా మీద నాకు అసహ్యం వేసింది.

"నేను చూసి రాయలేదు మేడమ్. మీ సొరుగు తెరిచి, మీవి చూసి రాసినాను."

ఎదురింటి మేక ఒకటి అదే పనిగా అరుస్తోంది.

"ఎన్ని వారాలు?"

"ఏడు."

ఒడిలో ఆమె వేళ్ళు ఒకదాని తర్వాత ఒకటి ముడుచుకున్నాయి. ఏడు దాకా వచ్చి ఆగాయి.

"ఆ కాగితాలు యాడుండాయి?"

"లాబులోనే."

"తీసుకరా."

ఆ పై ఆదివారం కట్టలన్నీ సంచిలో వేసుకొని వెళ్ళాను. చర్చి నుంచి వచ్చి, తెల్లచీర కూడా మార్చుకోకుండా కూర్చుంది. మొదటి కాగితం నుంచి మొదలుపెట్టించింది. నేను చూసి, చూసింది చెప్పాలి. స్కేలు పెట్టి కొలవాలి.

"కార్బన్ గీత ఉండాదా?"

"ఉంది."

"పక్కన గుంట?"

"లేదు."

"నాది కొట్టేయ్. నీది కొట్టేయ్. లేదు అని రాయి."

ఇట్లా వరసగా. గొంతు పెంచలేదు, తగ్గించలేదు. ఒక్కో కాగితం మీద తేదీ ఉంది. లేదు అని నేను రాసిన ప్రతి తేదీ నాడు ఆమెకు చూపుంది, బస్సుంది, కర్నూలులో డాక్టరున్నాడు. ఆ సంగతి ఆమె అనలేదు. అనకుండానే ఏడు వారాలూ నా చేత చదివించింది. ఎండ వసారాలోకి వచ్చి మా కాళ్ళ దాకా పాకింది. మేమిద్దరం పంపినవి చెల్లవని టెలిస్కోపు వాళ్ళకు నా చేతనే ఉత్తరం రాయించింది. పూర్తికాని తన పెద్ద ఉత్తరం ఏమైందని అడగలేదు.

దాదాపు ఆఖరున ఒక కాగితం దగ్గర లేదు అనబోయి ఆగాను. కొండ పక్కన గుంట ఉంది. నేను కళ్ళు నులుముకొని చూశాను. లాబు ప్రింటరు బాగయ్యాక మళ్ళీ తీసినట్టుంది, ఆ గ్రాఫుకు చిన్న ప్రింటూ పెద్ద ప్రింటూ రెండూ కట్టలో ఉన్నాయి. రెండూ కొలిచాను. చిటికెన వేలంత కాదు, చిన్నదాంట్లోనే బొటనవేలంత.

"ఇది ఉంది మేడమ్. ఇది నిజంగానే ఉంది."

ఆమె ముఖం నా వైపు తిరిగింది. ఎడమ కన్ను మూసుకుంది, అలవాటు కొద్దీ.

"పెద్ద కాగితంలో ఎంత ఉండాది?"

"రెట్టింపు."

చెయ్యి చాపింది. కాగితం ఒడిలో పెట్టాను. కొండ ఉన్నచోటికి ఆమె వేలు పట్టి తీసుకుపోయాను. సిరా చేతికి తగలదు కదా. అయినా వేలిని అక్కడే, ఎడమవైపుకు, మెల్లగా జరిపింది.

"ఇంగెవరు చూసినారు దీన్ని?"

"మీరు చూసినారు. ఉంది అని రాసినారు."

"నేను చూసింది లెక్కలోకి రాదు. ఇంగెవరు?"

"ఎవరూ లేరు మేడమ్. నేనొక్కదాన్నే."

కాగితం నాకు తిరిగి ఇచ్చింది.

"అయితే తెలీదు అని రాయి పాపా."

నియమం ప్రకారం అన్నదో, నా మాట మీద నమ్మకం పోయి అన్నదో, నేను అడగలేదు. ఆ తర్వాత చాలాసార్లు వాళ్ళ ఊరికి వెళ్ళాను, అప్పుడూ అడగలేదు. ఆ రోజు మాత్రం ఆమె చెప్పినట్టే తెలియదు అని రాసి, ఇద్దరి సంతకాలకూ వదిలిన ఖాళీలో నా పేరు ఒక్కటే పెట్టాను.